మోకు పట్టిన చేతులు

మొన్న మా వీధిలో కరెంటు తీగలకు అడ్డం వస్తున్నాయని వేపచెట్టు కొమ్మలు కొట్టించారు. లారీ మీద బిగించిన ఇనప చేయి ఒకటి పైకి లేచింది. దాని చివరి తొట్టిలో పసుపు టోపీ పెట్టుకున్న కుర్రాడొకడు నిలబడి మోటారు రంపంతో కోసుకుంటూ పోయాడు. నేను చాయ్ తాగి గ్లాసు కింద పెట్టేలోగా చెట్టు బోడిగా నిలబడింది. తెగిన కొమ్మలు ఎక్కడ పడితే అక్కడ పడ్డాయి. ఒకటి మా గేటు మీదే పడి ఊచ వంచింది. "ఏం గాలే అమ్మమ్మా, జెర ఒంగింది గంతే" అన్నాడు లారీ పక్కన నిలబడి ఫోను చూసుకుంటున్న మనిషి.

నాకు ఒళ్లు మండిపోయింది. గేటు కోసం కాదు. పైన ఒక మనిషి ప్రాణం పెట్టి పని చేస్తుంటే కింద ఉన్నవాడు తల వంచుకుని ఫోను చూసుకుంటున్నాడే, అందుకు. వాణ్ణి నోటికొచ్చిన నాలుగు మాటలూ అనేసి లోపలికొచ్చాను. "మీకెందుకత్తయ్యా, వాళ్ల పనేదో వాళ్లు చేసుకుంటారు" అంది కోడలు. ఎందుకో చెప్పాలంటే చాలా వెనక్కి పోవాలి. ఆ పూట ఆమెకు చెప్పే ఓపిక లేక ఊరుకున్నాను.

మా నాయిన కొమ్మలు కొట్టేవాడు. పటాన్‌చెరు చుట్టుపక్కల గొడ్డలి పట్టినవాళ్లు చాలామందే ఉండేవారు కానీ, వాళ్లు చెట్టును మొదలంటా నరికి పడేసేవాళ్లు. నాయిన పని వేరు. ఇంటి మీదికి వంగిన కొమ్మను పెంకు పగలకుండా కిందికి దించాలి. ఎండిపోయిన భాగం తీసేసి పచ్చిది బతికించాలి. కోసిన చోట పేడా ఎర్రమన్నూ కలిపి మెత్తి, నీళ్లు దిగి కుళ్లకుండా చూడాలి. ఊరి బయట మాకు చిన్న చెలక ఉండేది. అందులో పండే జొన్నలు తిండికి చాలీచాలకుండా ఉండేవి. మిగతాదంతా చెట్ల మీదే నడిచేది.

మా ఇంటి ముందుగదిలో ఒక గోడంతా నాయిన సామానే. పెద్ద రంపం, చేతి రంపం, పొడుగు కాడ గొడ్డలి, పొట్టి గొడ్డలి, రంపం పళ్లు పదును పెట్టే ఆకురాయి, నడుముకు కట్టుకునే తాడు. అన్నిటికంటే పైన కొయ్యకు చుట్టలుగా వేలాడే మోకు. అది కిత్తనారతో పేనిన లావు తాడు. అప్పటి నా మణికట్టు కంటే లావుగా ఉండేది. ఆ గదిలోకి అడుగు పెడితే ఆముదం వాసన, ఇనుము వాసన, చింతచెక్క రంపపుపొట్టు వగరు వాసన ఒక్కసారే ముక్కుకు తగిలేవి. ఇప్పటికీ కొత్తగా కోసిన చెక్క వాసన వస్తే నాకు ఆకలేస్తుంది. నాయిన పనినుంచి వచ్చాకే ఇంట్లో అందరం కూర్చుని తినేవాళ్లం మరి, అందుకేనేమో.

మోకు మా నాయనమ్మకు దేవుడితో సమానం. దాన్ని ఎండలో పడేయకూడదు, తడిగా చుట్టకూడదు, కాలితో దాటకూడదు. ఒకసారి పెద్దవాళ్లంతా చెలకకు పోయినప్పుడు నేనూ మా తమ్ముడూ దాన్ని దించి వాకిట్లో ఇటు నేను, అటు వాడు పట్టుకుని లాగుడు ఆట ఆడాం. మట్టి కొట్టుకుపోయిన మోకును చూసి నాయనమ్మ మమ్మల్ని కొట్టలేదు. మా ఇద్దరి చేతా దాన్ని గుడ్డతో తుడిపించి, దండం పెట్టించి, "మీ నాయిన దీని మీదనే బతుకుతుండు. మీరు సుత దీని మీదనే బతుకుతున్నరు" అంది. కొట్టినా బాగుండేది అనిపించింది.

పని ఇద్దరిది. నాయిన చెట్టెక్కేవాడు. చిన్నాయన, అంటే నాయిన తమ్ముడు, కింద మోకు పట్టేవాడు. కోయబోయే కొమ్మకు నాయిన మోకు కట్టి, దాన్ని ఇంకా పైనున్న పంగలోంచి తీసి రెండో కొస కిందికి వదిలేవాడు. ఆ కొసను చెట్టు మొదలుకు చుట్లు తిప్పి చిన్నాయన చేతుల్లో పట్టుకునేవాడు. కొమ్మ తెగగానే దాని బరువంతా మోకు మీద పడేది. చెట్టు చుట్టూ ఉన్న చుట్లు సగం బరువు మోస్తే, మిగతా సగం చిన్నాయన చేతులు మోసేవి. ఆయన జానెడు జానెడు వదులుతుంటే అంత పెద్ద కొమ్మా పాపాయిని మంచంలో పడుకోబెట్టినట్టు నేల మీదికి దిగేది. దిగీదిగగానే మేం పిల్లలం దాని మీద పడేవాళ్లం. చింతకొమ్మయితే చిగురంతా మా ఒళ్లోకే. ఉప్పూ కారం కలిపి అక్కడే నమిలేసేవాళ్లం. మిగిలింది అమ్మ పప్పులో వేసేది.

మా ఇంట్లో ఒక నియమం ఉండేది. చెట్టు మీద మనిషి ఉన్నంతసేపూ కింద మోకు పట్టినవాడు ముద్ద ముట్టకూడదు, నీళ్లు కూడా తాగకూడదు. పైనున్నవాడి కాళ్లు నేలకు తగిలాకే ఏదైనా. ఎవరు పెట్టారో తెలియదు, మా తాత కాలంనుంచీ ఉంది. పెద్ద చెట్టు పడితే పొద్దున జొన్నగట్క తిని పోయిన చిన్నాయన మళ్లీ తినేసరికి పొద్దు వాలేది. నాయిన దిగి చెమట తుడుచుకుని, నవ్వుతూ నాలుగు ముచ్చట్లు చెప్పి రొట్టె విప్పేవాడు. చిన్నాయన మాత్రం దూరంగా పోయి కూర్చుని బీడీ వెలిగించుకోబోయేవాడు. అగ్గిపుల్ల వెలిగేది కాదు. చేతులు వణికేవి. మేం వెనకాల నిలబడి మా చేతులు కూడా అట్లాగే వణికించి నవ్వుకునేవాళ్లం. బరువు మోసిన చేతులు కదా, వణుకుతాయి అనుకునేవారు పెద్దవాళ్లు.

అవి బొంబాయి రోడ్డు పక్కన కంపెనీలు లేస్తున్న రోజులు. మొన్నటిదాకా జొన్న పండిన చోట గోడలు కట్టేవాళ్లు. గోడ వెనకాల సైరన్ మోగేది. కంపెనీ పక్కన కాలనీ కట్టి, అందులోకి కోస్తావైపునుంచి కుటుంబాలను తెచ్చి దింపారు. వాళ్ల మాట మాకు కొత్తగా ఉండేది. పిల్లల్ని కూడా "ఏమండీ" అంటారేమోనని నేను వాళ్ల గుమ్మాల దగ్గర నిలబడి వినేదాన్ని. పాత చింతచెట్ల కిందే క్వార్టర్లు కట్టడంతో నాయినకు చేతినిండా పని దొరికింది.

సరిగ్గా అప్పుడే చిన్నాయన మోకు వదిలేశాడు. ఆ పొద్దున నాయిన వాకిట్లో కూర్చుని రంపం పళ్లకు ఆకురాయి పెడుతున్నాడు. చిన్నాయన వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"అన్నా, నేను కంపెనీల చేరుతున్న" అన్నాడు.

నాయిన తలెత్తలేదు. "మోకు ఎవలు పడ్తరు?"

"ఎవలనన్న సూసుకో అన్నా."

"జీతం తీపైంది నీకు. పో" అన్నాడు నాయిన. ఆకురాయి మళ్లీ రంపం మీద నడిచింది.

చిన్నాయన ఇంకేదో చెప్పబోయి ఆగిపోవడం నేను చూశాను. వారం తిరక్కుండా చిన్నమ్మను తీసుకుని ఇస్నాపూర్‌లో కిరాయి గదికి పోయాడు. ఆనాటినుంచి నాయిన నోట తమ్ముడి పేరు రాలేదు. చెప్పక తప్పకపోతే "కంపెనోడు" అనేవాడు. దసరాకు చిన్నాయన జమ్మి ఆకు పట్టుకుని వచ్చి కాళ్లు మొక్కాడు. నాయిన జమ్మి తీసుకుని జేబులో వేసుకున్నాడు కానీ, కావలించుకుని అలాయ్ బలాయ్ ఇవ్వలేదు. చాచిన చేతులు చాచినట్టే ఉండిపోయిన మా చిన్నాయన ముఖం చూడలేక నేను ఇంట్లోకి పరుగెత్తాను.

మోకుకు మనిషి దొరకలేదు. దొరికిన ఒకరిద్దరు నిలవలేదు. మా మేనబావ ఒకడు వచ్చాడు, బలంగా దున్నలా ఉండేవాడు. నాయిన పైన ఉండగానే ఒక చేత్తో మోకు పట్టుకుని రెండో చేత్తో రొట్టె తింటూ కూర్చున్నాడట. నాయిన సగం పనిలో దిగొచ్చి, "నువ్వు ఇంటికి పో అల్లుడా" అని పంపించేశాడు. కింద నమ్మకమైన చేయి లేకపోతే ఇళ్ల మీది కొమ్మలు ముట్టుకోవడానికి లేదు. ఇక మిగిలింది నరుకుడు పని. కొత్త కంపెనీల స్థలాల్లో చెట్లను మొదలంటా పడగొట్టే పని. దానికి మోకు అక్కర్లేదు, పడే చోట ఇళ్లుండవు. నాయిన ఆ పనికి పోయాడు. సాయంత్రం వచ్చి మాతో మాట్లాడేవాడు కాదు. ఒకరోజు అన్నం ముందు కూర్చుని, "పచ్చి చెట్టే, బంగారమసొంటి చెట్టు" అని లేచిపోయాడు. చెట్లను బతికించే మనిషి చేత చెట్లను చంపిస్తున్నాం అనిపించింది ఇంట్లో అందరికీ. కానీ తినాలి కదా.

ఒకరోజు అమ్మ రొట్టె చేస్తూ చేస్తూ, పెనం మీంచి కళ్లు తిప్పకుండా, "మోకు నేను పడ్త" అంది.

నాయనమ్మ విస్తుపోయింది. "ఆడిది మోకు పట్టుడేందే? ఎన్నడన్న ఇన్నమా గీ ముచ్చట?"

"బాయిల నీళ్లు చేదుతలేనా అత్తా? గదీ తాడే, గిదీ తాడే."

"బొక్కెన జారితె మళ్ల తీస్కుంటవు. గీడ జారితె నా కొడుకు పోతడే!"

అమ్మ అప్పుడు తలెత్తింది. "నీకు కొడుకైతె, నాకేం కాడా అత్తా?" అంది.

నాయిన ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. మర్నాడు చెలక గట్టున ఉన్న తుమ్మచెట్టెక్కి చిన్నచిన్న కొమ్మలు కోసి అమ్మ చేత దింపించాడు. ఎన్నోసార్లు దింపించాడు. అమ్మ జోగిపేట పిల్ల, లోతు బావుల్లోంచి నీళ్లు చేదిన చేతులు ఆమెవి. ఒక్క కొమ్మ కూడా గట్టిగా నేల తగలలేదు. నాయిన దిగి, "సరే తియ్యి" అన్నాడు. ఆ మాటకు అమ్మ ముఖం ఎంత వెలిగిందో నాకింకా గుర్తుంది.

పెద్ద పని వానాకాలంలో వచ్చింది. కాలనీలో ఒక క్వార్టరు పైకి చింతకొమ్మ వంగింది. గాలివానకు ఎప్పుడు విరిగి ఇంటి మీద పడుతుందోనని ఆ ఇంటావిడకు భయం. గోదావరి వైపునుంచి వచ్చిన మనిషి, కొత్త కాపురం. భర్త డ్యూటీలో ఉన్నాడు. బడికి సెలవు కావడంతో నేనూ వెంట పోయాను. అమ్మ కొంగు నడుముకు బిగించి మోకు అందుకోవడం చూసి ఆవిడ నోరు తెరిచింది.

"ఏమ్మా, మీ ఆయన పైకెక్కితే నువ్వు తాడు పట్టుకుంటావా? అమ్మో, నాకైతే గుండె ఆగిపోతుంది!"

అమ్మ నవ్వింది. ఆవిడ లోపలికి పోయి ఒక పళ్లెంలో ఆవకాయ కలిపిన అన్నం ముద్దలు పెట్టి, పైన నెయ్యి వేసి తెచ్చింది. ఆ వాసనకు నా నోట్లో నీళ్లూరాయి. అమ్మ వద్దంది, ఆయన దిగాక తింటానంది. నేను మాత్రం ఆమె వాటా కూడా తినేశాను.

నాయిన కొమ్మకు మోకు కట్టి, పైపంగలోంచి తీసి కొస వదిలాడు. తర్వాత ఒకసారి కిందికి దిగి, చెట్టు మొదలుకు మోకును తనే చుట్టి అమ్మ చేతికిచ్చాడు. చుట్టింది రెండే చుట్లు. చిన్నాయనకు ఎప్పుడూ రెండు చుట్లే కదా, చేయి ఆ అలవాటున పోయింది. చిన్నాయన నిండు మనిషి. అమ్మ ఆయనలో సగం ఉంటుంది. ఆమెకు ఇంకో చుట్టు వేయాలి. అది ఆయనకు తోచలేదు. అమ్మకూ తెలియదు.

నాయిన మళ్లీ పైకెక్కాడు. రంపం చాలాసేపు నడిచింది. కొమ్మ లోపల డొల్ల ఉన్నట్టుంది, కోత పూర్తి కాకముందే ఫెళ్లున విరిగింది. విరిగిన మొదలు వెనక్కి తిరిగి నాయిన భుజానికి కొట్టింది. ఆయన కాలు జారింది. నడుము తాడు పట్టి ఆపడంతో గాలిలో వేలాడిపోయాడు. ఆయన నెత్తికి సరిగ్గా పైన మోకుకు కొమ్మ వేలాడుతోంది. అమ్మ జానెడు వదిలినా అది ఆయన మీదికే వస్తుంది.

అమ్మ కాళ్లు నేల మీద ఈడ్చుకుంటూ ముందుకు పోయాయి. తడిసిన బెరడు మీద మోకు జారుతోంది. ఆమె చెట్టుకు కాలు తన్నిపెట్టి వెనక్కి వాలింది. అరవలేదు. కళ్లు పైనే ఉన్నాయి. నేను ఏడుస్తూ ఆమె నడుము పట్టుకుని వెనక్కి లాగాను, నా బలం ఏపాటిదని. అప్పుడు ఆ గోదావరి ఆవిడ చేతిలో పని పక్కన పడేసి పరుగెత్తుకొచ్చింది. "నేనున్నానమ్మా, నేనున్నాను" అంటూ అమ్మ వెనకాల మోకు పట్టుకుంది. గాజులు చిట్లి ఆవిడ చేతికి గుచ్చుకుంటున్నా వదల్లేదు.

నాయిన ఊగి ఊగి కాలితో చెట్టును అందుకున్నాడు. ఎట్లాగో మీదికి పాకి, పక్కకు జరిగి, చెట్టు మొదలు పట్టుకుని జారినట్టే దిగాడు. దిగగానే అమ్మ చేతులకు ముందు మోకు అందుకుని దాన్ని చెట్టుకు ఇంకో చుట్టు తిప్పి ముడేశాడు. అప్పటికి కూడా అమ్మ వదల్లేదు. "ఇడువు. నేను దిగిన. సూడు, దిగిన" అన్నాడు. ఆమె వేళ్లు విడలేదు. ఒక్కొక్క వేలూ ఆయనే విప్పాడు. అరచేతుల్లో తోలు లేదు.

ఆ సాయంత్రం నాయనమ్మ అమ్మ చేతులకు ఆముదం పూసి, పసుపు అద్ది, పాత ధోవతి చింపి కట్టింది. కడుతూనే అలవాటు కొద్దీ తిట్టింది కూడా. "ఆ కంపెనోడు జీతానికి ఆశపడక ఉంటె నీకు గీ గతి పట్టునా?"

అమ్మ కళ్లు మూసుకుని గోడకు ఆనుకుని ఉంది. "మరిది జీతానికి పోలే అత్తా" అంది. "భయానికి పోయిండు."

మంచం మీద కూర్చున్న నాయిన తల తిప్పాడు.

"పైనున్నోనికి చెట్టు కనబడ్తది, కొమ్మ కనబడ్తది. కిందున్నోనికి మనిషి ఒక్కడే కనబడ్తడు" అంది అమ్మ. "ఇయ్యాల నాకు ఎర్కైంది. గన్నేండ్లు రోజూ గిట్ల పట్టుకొని నిలబడ్డడు. ఎవ్వలకు చెప్పుకుంటడు? ఆ చేతులు ఊకెనే వణికినయా?"

ఆ పూట నాయిన అన్నం తినలేదు.

ఆదివారం అమ్మనూ మమ్మల్నీ వెంటబెట్టుకుని ఇస్నాపూర్ పోయాడు. వరసగా రేకుల గదులు, ముందు ఒక కుళాయి, దాని చుట్టూ బిందెలు. చిన్నాయన బనీను మీద బయటికొచ్చాడు. అన్నను చూశాడు. తర్వాత అమ్మ చేతుల కట్లు చూశాడు. ఏం జరిగిందో ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. గడప మీదే కూలబడి తల పట్టుకున్నాడు.

"జీతానికే పోయినవనుకున్న" అన్నాడు నాయిన, నిలబడే.

చిన్నాయన తలెత్తకుండా చెప్పాడు. "కలలకొచ్చేది అన్నా. నువ్వు పడ్డట్టు కాదు. నా చేతులు ఖాళీగ ఉన్నట్టు."

"చెప్పకపోతివి?"

"ఎట్ల చెప్పాలె? ఎక్కేటోనివి నువ్వు. నువ్వే భయపడకపోతివి, కింద నేలమీద నిలబడ్డ నాకు భయమైతుందని ఏ మొఖం పెట్టుకొని చెప్పాలె?"

నాయిన గడప మీద తమ్ముడి పక్కన కూర్చున్నాడు. ఆయన కంట్లో నీళ్లు నేను అంతకుముందు చూడలేదు.

"నాకెట్ల తెలుస్తది తమ్మీ" అన్నాడు. "నేనెప్పుడు పైన ఉన్నోన్నే."

ఆనాడు దసరా కాదు, చేతిలో జమ్మీ లేదు. అయినా ఆ గడప మీద అన్నదమ్ములిద్దరూ కావలించుకుని కూర్చున్నారు. కుళాయి దగ్గర బిందెలు పట్టుకున్న ఆడవాళ్లు చూస్తున్నారని కూడా వాళ్లకు లేదు. అమ్మ మా చిన్నమ్మతో లోపలికి పోయింది.

చిన్నాయన తిరిగి మోకు పట్టలేదు, నాయిన అడగలేదు. అమ్మ అరచేతులు మానడానికి చాలాకాలం పట్టింది. మానాక ఆమే మళ్లీ పట్టింది, నాయిన ఎక్కగలిగినన్నాళ్లూ పట్టింది. అప్పటినుంచి ఎప్పుడూ మూడు చుట్లే. చుట్టాక నాయిన తనే మోకు పట్టుకుని వేలాడి చూసేవాడు. "సరేనా?" అని అమ్మను అడిగేవాడు. ఆమె ఊ అంటేనే ఎక్కేవాడు. ఆమెకు ఒంట్లో బాగాలేని రోజు ఎంత పెద్ద పని వచ్చినా పోయేవాడు కాదు.

ఇప్పుడు వాళ్లలో ఎవరూ లేరు. ఆ కాలనీ చింతచెట్లు రోడ్డు వెడల్పులో పోయాయి. చింతచిగురు బజార్లో కుప్పలు పోసి అమ్ముతారు, నేను కొంటాను, ఆ రుచి రాదు. ఏ రంపం చప్పుడు విన్నా నా కళ్లు ముందు కిందికే పోతాయి, పట్టుకున్నవాళ్లు ఎవరా అని. చెట్టెక్కే మనిషి ధైర్యం గురించి లోకమంతా చెప్పుకుంటుంది. మా నాయిన గురించి కూడా ఊళ్లో చాలా చెప్పుకునేవారు. వింటూ ఆయన మాట మార్చేసేవాడు.

చిన్నాయనకు ఆ భయం చివరిదాకా పోలేదు. పండగలకు వచ్చేవాడు, మా పెళ్లిళ్లన్నీ ముందుండి జరిపించాడు, కానీ నాయిన చెట్టు మీద ఉంటే ఆ దారిన రాగలిగేవాడు కాదు. డ్యూటీనుంచి వస్తూ దూరంగా మమ్మల్ని చూడగానే సైకిలు దిగి, తల వంచుకుని, చుట్టుదారిన నడిపించుకుంటూ పోయేవాడు. మేమెవరమూ నవ్వేవాళ్లం కాదు. పైనున్న నాయినకు అది అందరికంటే ముందే కనిపించేది. రంపం ఆపేవాడు. తమ్ముడు మలుపు తిరిగి కనిపించకుండా పోయేదాకా కొమ్మ మీద కదలకుండా కూర్చునేవాడు.